యూదుల రక్షణ: ప్రభుత్వాలు చేస్తున్నదేమిటి, కొత్తరెడ్డిపాలెంలో మిగిలినదేమిటి

దేవదుర్గ: యూదులు అన్న మాట ఈ తాలూకా పల్లెలకు కొత్తది కాదు. చర్చికి వెళ్లే ఇళ్లలో ప్రతి ఆదివారం వినిపించే మాటే అది. తెలుగు బైబిలు పుణ్యమా అని సమాజమందిరం, విశ్రాంతి దినం, పస్కా పండుగ వంటి మాటలు అక్షరం రాని అవ్వలకు కూడా నోటికి వచ్చినవే. హంపి వైపు వెళ్లి వచ్చినవారు తుంగభద్ర ఒడ్డున ఇజ్రాయెల్ నుండి వచ్చిన యువతీయువకులను చూసే ఉంటారు. కానీ యూదు మతాన్ని ఆచరిస్తూ, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, పొలం కూలికి వెళ్లే కుటుంబాలు తెలుగు నేల మీదనే ఉన్నాయన్న సంగతి ఇక్కడ చాలామందికి తెలియదు.

దేవదుర్గకు ఉత్తరపు హద్దున పారే కృష్ణ దిగువకు వెళ్లి డెల్టాగా విచ్చుకునే చోట, గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం ఉంది. చేబ్రోలు అంటే చతుర్ముఖ బ్రహ్మ ఆలయం ఉన్న ఊరని కొందరికి గుర్తుండవచ్చు. రాయచూరు జిల్లా కాలువల కింద క్యాంపులు కట్టుకొని స్థిరపడిన కోస్తా కుటుంబాలలో ఆ చుట్టుపక్కల బంధువులు ఉన్నవారూ ఉండవచ్చు. ఆ ఊరిలో తమను బెనె ఎఫ్రాయిమ్, అనగా ఎఫ్రాయిము సంతతి, అని చెప్పుకొనే చిన్న యూదు సమాజం ఉంది. 2004లో ఈ సమాజం మీద దాడికి కుట్ర జరిగిందన్న వార్త వెలువడింది. రాష్ట్ర పోలీసులు కాపలా పెట్టారు. యూదులను ద్వేషం నుండి కాపాడవలసిన బాధ్యత తెలుగు ప్రాంతపు ప్రభుత్వం మీద నేరుగా పడిన సందర్భం ఇదే అనవచ్చు. ఆ బాధ్యత ఎంతవరకు నెరవేరింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది సరిహద్దు పల్లెలవారు తెలుసుకోదగిన విషయం. కుల ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయం మెట్లు ఎక్కి దిగినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

ద్వేషానికి మూలం

యూదు ద్వేషం అంటే ఒక వ్యక్తి చేసిన పనిని బట్టి కాక, అతడు యూదుడు అయినందుకే అనుమానించడం, దూషించడం, హింసించడం. ఐరోపాలో దీనికి వందల ఏళ్ల చరిత్ర ఉంది. యేసును సిలువ వేయించిన పాపం యూదు జాతి మొత్తానిదన్న బోధ దీనికి మొదటి వేరు. రోమన్ కాథలిక్ సంఘం 1965లో రెండవ వాటికన్ మహాసభలో ఆ నింద తగదని స్పష్టంగా ప్రకటించింది. అయినా గుడ్ ఫ్రైడే ప్రసంగాలలో ఆ పాత మాట అలవాటుగా దొర్లడం నేటికీ కద్దు. బోధకుడికి చెడు ఉద్దేశం లేకపోవచ్చు. విన్న పిల్లవాడి మనసులో మాత్రం అది నాటుకుంటుంది.

మత ద్వేషం 19వ శతాబ్దంలో జాతి ద్వేషంగా వేషం మార్చింది. 1933లో జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చాక అది ప్రభుత్వ విధానమైంది. 1935 నాటి న్యూరెంబర్గ్ చట్టాలు యూదుల పౌరసత్వ హక్కులను తీసివేశాయి. 1938లో జర్మన్ యూదుల పాస్‌పోర్టుల మీద ఎర్రటి అక్షరంతో గుర్తు వేశారు. తరువాత యుద్ధకాలంలో సుమారు 60 లక్షల మంది యూదులను చంపారు. ఈ కథలో ముఖ్యంగా గమనించవలసినది ఒకటుంది. ఎవరు యూదులో కాగితం మీద ముందుగా తేల్చిన తరువాతనే ఆ హత్యాకాండ అంత పెద్ద ఎత్తున సాధ్యమైంది. జనాభా లెక్కలు, నమోదు పుస్తకాలు, గుర్తింపు కార్డులు దానికి పనిముట్లయ్యాయి. ఫ్రాన్సు వంటి దేశాలు జనగణనలో పౌరుల మతాన్ని అడగవు.

మన దగ్గర ఆ చరిత్ర పెద్దగా చదువుకోకపోవడం వల్ల హిట్లర్ అన్న పేరు కఠినంగా ఉండే మేష్టారుకు మారుపేరుగా మిగిలింది. 1997లో చిరంజీవి నటించిన చిత్రానికి అదే పేరు. అందులో ఆ మాటకు అర్థం చెల్లెళ్లను కట్టుదిట్టంగా పెంచే అన్నయ్య అని మాత్రమే. ఇది ద్వేషం కాదు, తెలియకపోవడం. అయితే ద్వేషం వచ్చి కూర్చోవడానికి తెలియనితనమే ఖాళీ పీట వేస్తుంది.

తలుపు, కాపలా, చట్టం

ఐరోపా, అమెరికా ప్రభుత్వాలు నేడు చేస్తున్న పనులు స్థూలంగా మూడు రకాలు. భవనాలకు భద్రత కల్పించడం, ద్వేష ప్రచారాన్ని శిక్షించడం, ఈ పని చూసేందుకు ఒక అధికారిని నియమించడం.

మొదటిదాని విలువ 2019 అక్టోబర్ 9న జర్మనీలోని హాలె నగరంలో తెలిసివచ్చింది. అది యూదులకు అతి పవిత్రమైన ఉపవాస దినం, యోమ్ కిప్పూర్. సమాజమందిరంలో సుమారు 50 మంది ప్రార్థనలో ఉండగా ఒక సాయుధుడు వచ్చి తలుపు మీద కాల్పులు జరిపాడు. బరువైన ఆ తలుపు నిలబడింది. లోపలివారు బతికారు. లోపలికి వెళ్లలేకపోయిన దుండగుడు బయట ఇద్దరిని చంపాడు. అంతటి పండుగ రోజున కూడా అక్కడ పోలీసు కాపలా లేకపోవడం పెద్ద విమర్శకు దారితీసింది. యూదు ద్వేషాన్ని ఎదుర్కొనే పనికి ప్రత్యేక కమిషనర్‌ను 2018లోనే నియమించుకున్న దేశం అది. పదవి ఉంది, చట్టం ఉంది, ఆ రోజు ప్రాణాలు నిలిపింది మాత్రం ఒక వడ్రంగి పనితనం.

ఫ్రాన్సులో 2015 జనవరిలో పారిస్‌లోని యూదుల కిరాణా దుకాణంలో నలుగురు హతులైన తరువాత ప్రభుత్వం దేశమంతటా సుమారు 10,000 మంది సైనికులను దింపింది. యూదుల బడులు, ప్రార్థనా స్థలాల ముందు తుపాకులు పట్టుకున్న జవానులు నిలబడ్డారు. బ్రిటన్‌లో యూదు సమాజమే స్వయంగా నడిపే భద్రతా సంస్థకు ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. 2024 ఫిబ్రవరిలో నాలుగేళ్లకు 5 కోట్ల 40 లక్షల పౌండ్లు ప్రకటించారు. అమెరికాలో 2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్ సమాజమందిరంలో 11 మంది హతులయ్యారు. అక్కడ లాభాపేక్ష లేని సంస్థలకు కెమెరాలు, గేట్లు, కాపలాదారుల కోసం కేంద్ర ప్రభుత్వం నిధి నడుపుతోంది. ఆ నిధి యూదులకే పరిమితం కాదు. మసీదులు, గురుద్వారాలు, హిందూ దేవాలయాలు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. పిల్లలు అమెరికాలో ఉన్న కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతి ఇది.

రెండవ రకం చట్టాలు. జర్మనీ శిక్షాస్మృతిలోని 130వ విభాగం, ఫ్రాన్సులో 1990లో వచ్చిన చట్టం యూదుల హత్యాకాండ జరగనే లేదని బహిరంగంగా వాదించడాన్ని నేరంగా పరిగణిస్తాయి. అమెరికాలో మాటను అంతగా కట్టడి చేయరు. మాట హింసగా మారినప్పుడే చట్టం కదులుతుంది. ఏది మేలన్న వాదం ఇంకా తెగలేదు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని విమర్శించడం యూదు ద్వేషమా? 2016లో ఒక అంతర్జాతీయ సంస్థ ఆమోదించిన నిర్వచనాన్ని అనేక దేశాలు స్వీకరించాయి. ఇతర దేశాలను విమర్శించినట్లే ఇజ్రాయెల్‌ను విమర్శించడం ద్వేషం కాదని ఆ నిర్వచనమే చెబుతుంది. కానీ దానికి జతచేసిన ఉదాహరణలను అడ్డం పెట్టుకొని విమర్శకుల నోరు నొక్కుతున్నారని ఆక్షేపించేవారు ఉన్నారు, వారిలో యూదు పండితులూ ఉన్నారు. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడి, ఆపై గాజాలో సాగిన యుద్ధం తరువాత ఈ వాదం ముదిరింది. అదే కాలంలో పలు దేశాలలో యూదుల మీద దాడులు పెరిగాయి. గాజాలో జరిగిన దానికి మెల్‌బోర్న్‌లో ప్రార్థన చేసుకునే ముసలివాడు జవాబుదారీ ఎలా అవుతాడన్నది చాలా మామూలు ప్రశ్న. 2024 డిసెంబరులో ఆ నగరంలో ఒక సమాజమందిరానికి నిప్పు పెట్టినవారికి ఆ ప్రశ్న తట్టలేదు.

మన దేశం రికార్డు

భారతదేశంలో యూదులు పాత కాపులు. కొచ్చి యూదుల వద్ద నేటికీ ఉన్న రాగి శాసనాలు క్రీ.శ. 1000 ప్రాంతానివి. చేర రాజు భాస్కర రవివర్మ, జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు 72 హక్కులను ఆ శాసనంలో ఇచ్చాడు. పల్లకి ఎక్కే హక్కు, గొడుగు పట్టించుకొనే హక్కు, పన్నుల మినహాయింపు వాటిలోనివి. ఊరేగింపులో ఎవరికి గొడుగు, ఎవరికి పల్లకి అన్నదాని మీద పల్లెలలో ఎన్ని తగాదాలు జరుగుతాయో తెలిసినవారికి ఆ శాసనం బరువు వేరే చెప్పనక్కరలేదు. 16వ శతాబ్దంలో కొడుంగల్లూరు నుండి తరిమివేయబడిన యూదులకు కొచ్చి రాజు తన కోట పక్కనే చోటు ఇచ్చాడు. అక్కడ 1568లో కట్టిన సమాజమందిరం ఇప్పటికీ నిలిచి ఉంది. 1662లో దానిని తగులబెట్టినవారు పోర్చుగీసువారే, ఈ దేశస్థులు కారు. 1968లో దాని 400 ఏళ్ల పండుగకు ప్రధాని ఇందిరా గాంధీ స్వయంగా హాజరయ్యారు.

కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్ వారు గానుగ ఆడించి నూనె తీసేవారు. శనివారం గానుగ ఆపేసేవారు గనుక చుట్టుపక్కలవారు వారిని శనివారపు తెలికలవారని పిలిచారు. అంటే వారి మతం ఊరి కళ్లకు ఒక వృత్తి కులపు ఆచారంగా కనిపించింది. మన సమాజం కొత్తవారిని తరిమివేయక, ఒక కులం పేరు పెట్టి ఒక మూల చోటు చూపించింది. మేలు, కీడు రెండూ అందులోనే ఉన్నాయి.

1951 నాటికి దేశంలో పాతిక వేలకు పైగా యూదులు ఉండేవారు. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఎక్కువమంది వలసపోగా 2011 నాటికి ఐదు వేల లోపుకు దిగింది. వారు వెళ్లినది ద్వేషానికి భయపడి కాదన్నది ఈ దేశం గర్వించదగిన మాట.

ఆ గర్వానికి దెబ్బ 2008 నవంబర్ 26న ముంబయిలో తగిలింది. పాకిస్తాన్ నుండి వచ్చిన ముష్కరులు ఎంచుకున్న చోట్లలో ఇరుకు సందులోని నారిమన్ హౌస్ అనే యూదు ప్రార్థనా కేంద్రం ఒకటి. రబ్బీ గావ్రియేల్ హోల్ట్స్‌బర్గ్, ఆయన భార్య రివ్కా సహా ఆ ఇంట్లో ఆరుగురు హతులయ్యారు. వారి రెండేళ్ల కుమారుడిని ఆయా సాండ్రా శామ్యూల్ ఎత్తుకొని బయటపడింది. ఆ ఇంటిని విడిపించే పోరులో ఎన్‌ఎస్‌జీ హవల్దార్ గజేంద్ర సింగ్ ప్రాణం ఇచ్చారు. ఆ తరువాతనే కేంద్రం జాతీయ దర్యాప్తు సంస్థను నెలకొల్పింది. ఢిల్లీ దగ్గర మాత్రమే ఉండే ఎన్‌ఎస్‌జీ దళాలకు 2009లో ముంబయి, కోల్‌కతా, చెన్నై, హైదరాబాదులలో కేంద్రాలు ఏర్పడ్డాయి.

మతాల మధ్య వైరం రెచ్చగొట్టడం, ప్రార్థనా స్థలాన్ని అపవిత్రం చేయడం, మత భావాలను కావాలని గాయపరచడం మన చట్టంలో నేరాలు. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇవి 196, 298, 299 సెక్షన్లు. ఇవి ఏ మతానికైనా వర్తిస్తాయి. యూదుడైనా, మరొకరైనా వీటి కింద ఠాణాలో ఫిర్యాదు ఇవ్వవచ్చు.

కొత్తరెడ్డిపాలెం

ఇక గుంటూరు జిల్లా సంగతి. బెనె ఎఫ్రాయిమ్ సమాజానికి మూలపురుషులు షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే సోదరులు. వీరు క్రైస్తవ బోధకుని కుమారులు. 1980ల తరువాత యూదు ఆచారాల వైపు మళ్లి, 1990ల మొదట్లో కొత్తరెడ్డిపాలెంలో సమాజమందిరం ఏర్పాటు చేశారు. వారి వెంట నడిచినవి మాదిగ కులానికి చెందిన కొద్దిపాటి కుటుంబాలు. చాలామంది వ్యవసాయ కూలీలు. శనివారం విశ్రాంతి పాటించడం, హీబ్రూ ప్రార్థనలు నేర్చుకోవడం, పిల్లలకు యూదు పేర్లు పెట్టడం మొదలైంది. కూలి మీద బతికేవారికి వారంలో ఒక రోజు పని మానుకోవడం అంటే ఆ రోజు కూలి పోగొట్టుకోవడమే.

తాము ఇశ్రాయేలులో తప్పిపోయిన పది గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయిము సంతతివారమన్నది వారి నమ్మకం. చనిపోయినవారిని పాతిపెట్టడం, గొడ్డుమాంసం తినడం వంటి ఆచారాలు ఆ పూర్వీకుల నుండి వచ్చినవేనని వారు చెబుతారు. ఊరివారు ఏ ఆచారాలను చూపి దూరం పెట్టారో, ఆ ఆచారాలనే వారు తమ గొప్ప వంశానికి సాక్ష్యంగా చూపుతున్నారన్నమాట. చరిత్రకారులు ఆ వంశకథను ఆమోదించలేదు. దాని వెనుక ఉన్న ఆరాటం మాత్రం తెలుగువారెవరికీ తెలియనిది కాదు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు ఈ సమాజం మీద రాసిన గ్రంథాన్ని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం 2013లో ప్రచురించింది. కులం, మతం ఒకదానితో ఒకటి ఎలా పెనవేసుకున్నాయన్నదే దాని ప్రధానాంశం.

2004లో లష్కరే తోయిబాతో సంబంధం ఉన్నదని ఆరోపించబడిన వ్యక్తులు ఈ సమాజం మీద దాడికి పథకం వేశారని పోలీసులు బయటపెట్టినట్లు పత్రికలు రాశాయి. కొంతకాలం అక్కడ పోలీసు కాపలా ఏర్పడింది. దాడి జరగలేదు. ఈ మేరకు ప్రభుత్వం తన పని చేసింది. నారిమన్ హౌస్ ఘటనకు నాలుగేళ్ల ముందే, పట్టణాలకు దూరంగా ఉన్న ఒక కూలీల వాడకు ముప్పు ఉందని గుర్తించడం చిన్న విషయం కాదు.

అయితే ఆ కాపలా ఒక విచిత్రాన్ని బయటపెట్టింది. ముష్కరుల జాబితాలో వారు యూదులు, పోలీసుల బందోబస్తు కాగితంలోనూ యూదులే. తహసీల్దారు కార్యాలయంలో మాత్రం ఆ మాటకు చోటు లేదు.

ఒక గడి నింపితే మరో గడి ఖాళీ

దీనికి కారణం 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు. షెడ్యూల్డు కులాల జాబితా ఆ ఉత్తర్వులోనే ఉంది. హిందువు కానివారిని షెడ్యూల్డు కులస్థులుగా పరిగణించరాదని దాని మూడవ పేరా చెప్పింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ముస్లింలు, క్రైస్తవులు, యూదులు ఇప్పటికీ ఆ గీతకు అవతలే. కాబట్టి కొత్తరెడ్డిపాలెం కూలీ తాను యూదుడినని అధికారికంగా రాయించుకుంటే మాదిగ ధ్రువపత్రం పోతుంది. దానితో పిల్లల ఉపకార వేతనం, హాస్టలు సీటు, ఉద్యోగంలో రిజర్వేషను, పంచాయతీలో రిజర్వు స్థానం అన్నీ పోతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డు కులస్థులకు వెనుకబడిన తరగతులలో సి వర్గం కింద కొంత ఊరట ఉంది. ఆ జాబితాలో రాసినది క్రైస్తవం అన్న మాట మాత్రమే. యూదు మతం అందులో లేదు.

అంతకన్నా బరువైనది 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం. కులం పేరుతో దూషిస్తే, కొడితే, దళితులకు అండగా నిలిచేది ఆ చట్టం. షెడ్యూల్డు కులపు గుర్తింపు పోతే ఆ చట్టపు నీడ కూడా పోతుంది. మతం మారినవారికి ఆ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు దాఖలు చేసిన కేసులో తీర్పు చెప్పింది. డెల్టా పల్లెలో ఒక కూలీకి యూదుడన్న కారణంగా ఎదురయ్యే అవమానం ఎంత, మాదిగ అన్న కారణంగా ఎదురయ్యే అవమానం ఎంత? జవాబు దేవదుర్గవారికి చెప్పనక్కరలేదు. యూదుడిగా ఉంటే వచ్చే ముప్పు ఏళ్లకొకసారి వార్తలో కనిపిస్తుంది. రెండవది హోటలు గ్లాసు దగ్గర, గుడి వాకిట, పెళ్లి ఊరేగింపులో ఎదురవుతుంది. మొదటిదాని నుండి రక్షణకు అర్హత పొందే మాట, రెండవదాని నుండి రక్షణకు అర్హతను తుడిచేస్తుంది.

ఇదే మతం ఈశాన్య రాష్ట్రాలలో వేరుగా కనిపిస్తుంది. మణిపూర్, మిజోరంలలో బెనీ మెనాషే, అనగా మనష్షే సంతతి, అనే యూదు సమాజం ఉంది. వారు కుకీ, మిజో తెగలకు చెందినవారు. షెడ్యూల్డు తెగలకు మతం నిబంధన లేదు. తెగవాడు ఏ దేవుడిని కొలిచినా తెగవాడే. కాబట్టి వారు యూదులుగా ఉంటూనే తెగ ధ్రువపత్రం పొందగలరు. ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ 2005లో వారిని గుర్తించారు. ఎఫ్రాయిము సంతతివారికి ఆ గుర్తింపు దక్కలేదు. ఈ తేడా దేవదుర్గలో సులభంగా బోధపడుతుంది. 2008 నుండి ఇక్కడి శాసనసభ స్థానం షెడ్యూల్డు తెగలకు రిజర్వు అయింది. ఒకే ఊరిలో నాయకుల ఇంటి అబ్బాయి, మాదిగ ఇంటి అబ్బాయి ఇద్దరూ బాప్తిస్మం తీసుకుంటే మొదటివాడి కాగితం చెక్కుచెదరదు, రెండవవాడిది చెల్లదు.

మైనారిటీ అన్న హోదా

పోయిన ధ్రువపత్రానికి బదులుగా మైనారిటీ హోదా అయినా దొరుకుతుందా? జాతీయ మైనారిటీల కమిషన్ చట్టం 1992లో వచ్చింది. 1993లో ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలను కేంద్రం ఆ జాబితాలో ప్రకటించింది. 2014లో జైనులు చేరారు. యూదులు లేరు. సంఖ్యలో వీరందరికన్నా తక్కువవారు, మైనారిటీల జాబితాకు వెలుపల ఉన్నారు. మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో తమ రాష్ట్రాల మేరకు యూదులకు మైనారిటీ హోదా ఇచ్చాయి. దానివల్ల అక్కడ సొంత విద్యాసంస్థలు నడుపుకోవడం, ధ్రువపత్రాలు పొందడం తేలికైంది.

రాష్ట్రాలు ఇలా వేరువేరుగా చేయగలగడానికి ఆధారం కర్ణాటక నుండి వెళ్లిన ఒక కేసే. టీఎంఏ పై ఫౌండేషన్ కేసులో 2002 అక్టోబర్ 31న 11 మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, మైనారిటీ ఎవరన్నది రాష్ట్రాన్ని కొలమానంగా తీసుకొని తేల్చాలని చెప్పింది. మత మైనారిటీకైనా, భాషా మైనారిటీకైనా ఇదే సూత్రం. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసినప్పుడు ఇక్కడి తెలుగువారు ఒక్క రాత్రిలో భాషా మైనారిటీ అయ్యారు. అదే ఏడాది ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350ఎ, 350బి అధికరణాలు చేరాయి. మాతృభాషలో ప్రాథమిక విద్య, భాషా మైనారిటీలకు ప్రత్యేక అధికారి వాటి సారం. 30వ అధికరణం మతానికీ భాషకూ ఒకే వాక్యంలో హక్కు ఇస్తుంది. ముంబయి యూదుల బడికి, రాయచూరు తెలుగు బడికి ఆధారం ఒకే అధికరణం.

రాష్ట్రమే కొలమానం అనడంలో సరిహద్దువారికి తెలిసిన ఇబ్బంది కూడా ఉంది. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు, ఒక రాష్ట్రపు ధ్రువపత్రం మరో రాష్ట్రానికి వలస వచ్చినవారికి అక్కడి రిజర్వేషను ఇవ్వదని తేల్చింది. ఆంధ్రలో తెగగా గుర్తింపు ఉన్న విద్యార్థికి మహారాష్ట్రలో వైద్య సీటు దగ్గర ఎదురైన చిక్కు అది. కృష్ణ దాటితే కులం మారదు. కాగితం మాత్రం మారుతుంది. ముంబయిలో మైనారిటీ అయిన యూదుడు గుంటూరుకు వస్తే ఆ హోదా ఉండదు.

ఈ లెక్కలన్నీ జనగణన ఫారంలో ఒకచోట కలుస్తాయి. 2011లో ఇంటింటికీ వచ్చిన ఫారంలో మతం పేరు పూర్తిగా రాయమన్న ప్రశ్న ఉంది. చెప్పిన పేరును చెప్పినట్లు రాయడం లెక్కించేవారి విధి. ఆ పక్కనే షెడ్యూల్డు కులమా, తెగా అన్న ప్రశ్న, దానితో పాటు షెడ్యూల్డు కులస్థులు హిందూ, సిక్కు, బౌద్ధులలోనే ఉంటారన్న సూచన ఉన్నాయి. 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా కేంద్రం నోటిఫై చేసిన జనగణనలో అందరి కులాన్నీ అడగాలని నిర్ణయం జరిగింది. 1950 నాటి ఉత్తర్వులోని మూడవ పేరా మారనంత కాలం, కొత్తరెడ్డిపాలెంలో లెక్కలు రాసే ఉపాధ్యాయుని ముందు కూర్చునే ఇంటిపెద్ద ఆ రెండు ప్రశ్నలలో ఒకదానికే తనకు నిజమైన జవాబు చెప్పగలడు.